ఇల్లరికంలో పన్నెండంగుళాల స్పీకర్

మా అత్తగారు నాతో మాట్లాడరు. కోపం కాదు, పద్ధతి. తిరుపతిలో తరతరాలుగా గుడి కైంకర్యం చేసుకునే కుటుంబం వాళ్లది. ఆ ఇంట్లో అత్తగారు అల్లుడి ఎదురుగా కూర్చోరు, అల్లుడి ముఖం చూసి మాట్లాడరు. నాకేదైనా చెప్పాల్సి వస్తే, నాకు వినపడేంత దూరంలో నిలబడి మా ఆవిడతో చెబుతారు. "అల్లుడు గారికి ఇంకొంచెం పెరుగు వెయ్యి." మా ఆవిడ దగ్గర లేకపోతే తలుపుతో చెబుతారు. ఒకసారి గ్యాసు సిలిండరుతో చెప్పారు. నాదీ అదే పద్ధతి. పదకొండేళ్ల కాపురంలో ఆమెతో నేను నేరుగా అన్న మాటలు లెక్కపెడితే ఒక చేతి వేళ్లు కూడా నిండవు.

ఇది ముందుగా ఎందుకు చెబుతున్నానంటే, నేను ఉండేది ఆ ఇంట్లోనే. ఇల్లరికం. మాది చిత్తూరు. మా నాయన అక్కడ బడి పంతులు. సంబంధం వచ్చినప్పుడు ఆయన రెండు నిమిషాల్లో తేల్చేశాడు. "ఒక్కతే కూతురు, సొంతిల్లు, మర్యాదస్తులు. తిరుపతి నుంచి చిత్తూరికి బస్సులు లేవా ఏందిరా? పోయి వస్తా ఉండు" అన్నాడు. నేను చిత్తూరు కోర్టులో టైపిస్టుని. అప్పట్నుంచి పోయి వస్తూనే ఉన్నాను.

ఆ ఇంట్లో నన్నెవరూ పల్లెత్తు మాట అనలేదు. నా బాధ అదే. తిట్టే ఇంట్లోనైతే ఎదురు తిరగొచ్చు, అలిగి చిత్తూరు వెళ్లి నాలుగు రోజులు కూర్చోవచ్చు. మర్యాద చేసే ఇంట్లో ఏం చేస్తాం? ఫ్యాను కింద కుర్చీ నాది. మొదటి కాఫీ నాది. నా మంచినీళ్లు నేను ముంచుకుంటే మా మామగారు "అయ్యో" అంటూ పేపరు పక్కన పెట్టి లేచి నిలబడతారు. ఇన్ని చేసేవాళ్లను ఇంకొకటి కావాలని అడగడానికి నాకు నోరు వచ్చేది కాదు. నాకు కావలసింది మాత్రం ఒక్కటే. నా గిటారు గొంతు స్పీకర్‌లోంచి గది నిండా వినాలి. రోజుకు అరగంట చాలు.

ఎలక్ట్రిక్ గిటారు సంగతి తెలియనివాళ్లకు ఒక ముక్క చెప్పాలి. దాని చెక్కలో గొంతు లేదు. వైరు పెట్టకుండా మీటితే టిక్కుటిక్కుమంటుంది, అంతే. గొంతంతా ఆంప్లిఫయర్‌ది, దాని స్పీకర్‌ది. డిగ్రీ చదివే రోజుల్లో చిత్తూరులో నా దగ్గర పది వాట్ల ట్రాన్సిస్టర్ ఆంప్ ఒకటి ఉండేది. గొంతును బొంగురు చేసే గెయిన్ నాబు కొంచెం పెంచితే కాగిన నూనెలో ఆవాలు వేసినట్టు చిటపటలాడేది. ఆ చిటపటనే రాక్ సంగీతం అనుకుని రెండేళ్లు మురిసిపోయాను. పక్కింటివాళ్లు మాత్రం అలా అనుకోలేదు.

ఉద్యోగం వచ్చాక చెన్నైలో ఒకాయన దగ్గర పదిహేను వాట్ల వాల్వు ఆంప్ సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. వాల్వులంటే పాత రేడియోల్లో ఎర్రగా వెలిగేవే. బస్సు డిక్కీలో వేయనివ్వకుండా ఒళ్లో పెట్టుకుని వచ్చాను. దిగేసరికి తొడలు మొద్దుబారి చాలాసేపు నడవలేకపోయాను. దానికి వచ్చిన స్పీకర్ నచ్చలేదు. పై తీగలు చెవిలో గుచ్చుకునేవి. వెతికి వెతికి పన్నెండంగుళాల వేరే స్పీకర్ తెప్పించాను. నా ఆంప్ ఎనిమిది ఓమ్‌లది, స్పీకరూ ఎనిమిది ఓమ్‌లదే ఉండాలి. కొత్త స్పీకర్ కొత్త చెప్పుల లాంటిది, మెత్తబడేదాకా కరుస్తూనే ఉంటుంది. నేల మీద పెడితే గుమ్ముమంటుంది, మూలలో పెడితే ఇంకా గుమ్ముమంటుంది. చివరికి స్టూలు మీద పెట్టి, ఎదురుగా కాకుండా కాస్త పక్కకు కూర్చుంటే గొంతు కుదిరింది. లావు తీగల్లో బరువు, నడిమి తీగల్లో కాస్త జీర, సన్న తీగల్లో గీరుడు లేకపోవడం. మంచి టోన్ అంటే నాకు అదే. దాని గురించి ఇంతకన్నా పెద్ద మాటలు నాకు తెలియవు.

వాల్వు ఆంప్‌తో ఒకటే చిక్కు. వాల్యూము రెండు మీద పెడితే జలుబు చేసినట్టు ముక్కుతో మాట్లాడుతుంది. ఐదు దాటితే గానీ గొంతు విప్పదు. ఐదు దాటిందంటే వీధి చివర పాలబూత్ దాకా వినపడుతుంది. పదిహేను వాట్లే కదా అనుకునేవాళ్లు ఒకసారి కొని చూడాలి.

పెళ్లయ్యాక దాన్ని తిరుపతి తెచ్చుకున్నాను. మాకిచ్చిన గదికి ఒక గోడ అవతల పూజగది, దాని పక్కన వంటిల్లు. ఏడేళ్లపాటు సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చాక రెండు మీద పెట్టుకుని వాయించాను. ఆంప్‌కూ స్పీకర్‌కూ మధ్య పెట్టి శబ్దాన్ని మింగించే పెట్టె ఒకటి కొన్నాను. అది శబ్దంతో పాటు ప్రాణాన్ని కూడా మింగేసింది. అప్పుడప్పుడు నాబు మూడు దాకా తిప్పి, ఎవరైనా వస్తారేమోనని తలుపు వైపు చూసి, మళ్లీ రెండుకు తెచ్చేవాణ్ణి. నలభై దగ్గర పడుతున్న మగవాణ్ణి, సొంత గదిలో దొంగలా.

నాలుగేళ్ల కిందట ఒక సాయంత్రం మామగారు గుడికి వెళ్లారు. మా ఆవిడ హాల్లో పూలు కడుతోంది. ఏమనిపించిందో ఏమో, నాబు ఐదున్నర దాకా తిప్పేశాను. లావు తీగ మీటగానే గోడ అవతల పూజగదిలో ఇత్తడి పళ్లెం గుయ్‌మంది. నా ఛాతీలో కూడా గుయ్‌మంది. అంత సుఖం ఎన్నేళ్లకు! కళ్లు మూసుకుని వాయించుకుంటూ పోయాను. కాసేపటికి కళ్లు తెరిస్తే హాల్లో అత్తగారు నిలబడి ఉన్నారు. చేతిలో గరిటె.

"ఈ శబ్దం ఎంతసేపుంటాదో అల్లుడు గారిని అడుగు" అన్నారు మా ఆవిడతో.

మా ఆవిడ గుమ్మం దాకా వచ్చి, "ఎంతసేపుంటుందో అడగమంటా ఉండాది అమ్మ" అంది.

ఆ మాటకు అర్థం నాకొకరు చెప్పనక్కర్లేదు అనుకున్నాను. మర్యాదస్తులు ఆపమని అనరు, ఎంతసేపు అని అడుగుతారు. పొద్దుపోయినా కదలని చుట్టాన్ని "బస్సు ఎన్నింటికి?" అని అడిగినట్టు. "అయిపోయింది" అని స్విచ్చి ఆపేశాను. ఒళ్లు మండింది, సిగ్గూ వేసింది. అత్తగారు ఇంకొంచెంసేపు అక్కడే నిలబడి వంటింట్లోకి వెళ్లిపోయారు. ఎందుకడిగారని నేను అడగలేదు. మా ఇంట్లో అడిగే పద్ధతి లేదు.

నెల తిరక్కుండా డిజిటల్ మోడెలర్ కొన్నాను. చూడ్డానికి పెద్ద టిఫిన్ డబ్బా అంత ఉంటుంది, కాళ్లతో నొక్కే మీటలు ఉంటాయి. లోపల ప్రపంచంలో పేరున్న ఆంపుల నకళ్లు వందకు పైగా ఉంటాయి. దానికి హెడ్‌ఫోన్లు పెట్టుకుంటే మనకు తప్ప ఎవరికీ వినపడదు. హెడ్‌ఫోన్లు కూడా ఆలోచించే కొన్నాను. వెనక తెరిచి ఉండే రకం సహజంగా పలుకుతుందంటారు గానీ, బయటికి కూడా కారుతుంది. అందుకని చెవులను పూర్తిగా మూసేసే రకం తీసుకున్నాను. చెవుల మీద దొప్పల్లాగా ఇంతేసి ఉంటాయి.

మొదటి ఆరు నెలలు నేను వాయించలేదు, ఎంచాను. పొద్దున బస్సులో చంద్రగిరి దాటేసరికి ఫోనులో ఆంపుల వీడియోలు మొదలు, పూతలపట్టు వచ్చేసరికి మనసులో ఒక ఆంప్ ఖాయం, సాయంత్రం ఇంటికొచ్చి వింటే అది కాదు. ఆంప్ కుదిరితే స్పీకర్ కుదరదు. స్పీకర్ పెట్టె ముందు మైకు పెట్టి తీసిన అచ్చుల్లాంటి ఫైళ్లుంటాయి, వాటిని మార్చి మార్చి పెట్టాలి. మైకు స్పీకర్ నడిమధ్య ఉంటే గీరుడు, అంచుకు జరిగితే మందం. పెళ్లిళ్ల పేరయ్య కూడా అన్ని సంబంధాలు చూసి ఉండడు. నాకు నిజంగా తక్కువైంది ఆంప్ కాదు, గది నిండా మోగే గొంతు. అది ఒప్పుకోవడం ఇష్టం లేక ఆంపులు మారుస్తూ కూర్చున్నానని ఇప్పుడు తెలుస్తోంది.

వాల్వు ఆంప్ మీద పాత దుప్పటి ఒకటి కప్పి మూలకు నెట్టాను. కిటికీ వైపు తిరిగి, తలుపుకు వీపు పెట్టి, చెవులు మూసుకుని కూర్చునేవాణ్ణి. ఆ ఇంట్లో సాయంత్రం పూట గది తలుపులు మూయరు. కిటికీ అద్దంలో వెనక గుమ్మం కనిపించేది. రోజూ ఏదో ఒక వేళ అత్తగారు అక్కడికొచ్చి నిలబడేవారు. చీర చెంగుతో చేతులు తుడుచుకుంటూ నా వేళ్ల వైపు చూసేవారు. కాసేపు చూసి వెళ్లిపోయేవారు. ఏమైనా శబ్దం బయటికి వస్తోందేమో చూసుకుంటున్నారని నాకు ఒళ్లు మండేది. చప్పుడు లేదు, గిప్పుడు లేదు, ఇంకా కాపలా దేనికి? ఆ కోపంలో లావు తీగలను ఇంకా గట్టిగా మీటేవాణ్ణి. నా చెవుల్లో ఉరుములు, ఇంట్లో టిక్కుటిక్కు.

ఆ నాలుగేళ్లలో అత్తగారు కూడా మారారు. ధనుర్మాసంలో మా వీధి ఆడవాళ్ల గోష్ఠికి ఆమే పెద్ద. తెల్లవారుజామున పాశురం ఆమె ఎత్తుకుంటే మిగతావాళ్లు అందుకునేవాళ్లు. ఒక ఏడు మోకాళ్ల నొప్పులని వెళ్లలేదు. మరుసటి ఏడూ అదే మాట. ఫోను మోగితే మా ఆవిడ వచ్చేదాకా ఎత్తరు. పెళ్లిళ్లకు రారు. వయసు మీద పడుతోందని మేమందరం అనుకున్నాం, అనుకుని ఎవరి పనిలో వాళ్లం పడ్డాం.

ఈలోగా చిత్తూరులో మా ఆఫీసు పెద్ద గుమాస్తా రిటైరయ్యాడు. కల్యాణమండపంలో భోజనాలు పెట్టి, నన్ను రెండు పాటలు వాయించమన్నారు. నాలుగేళ్లు చెక్కి చెక్కి కుదుర్చుకున్న టోన్ ఉంది కదా, ఎగిరి గంతేసినంత పని చేశాను. మోడెలర్ తీసుకెళ్లి నేరుగా మైకుసెట్టుకు కలిపాను. మొదటి స్వరానికే ముందు వరసలో ఉన్న ముసలాయన చెవి మీద చెయ్యి పెట్టుకున్నాడు. పైన కీచు, కింద గుబగుబ, మధ్యలో ఏమీ లేదు.

మైకుసెట్టాయన పరిగెత్తుకొచ్చాడు. "ఏందప్పా ఇది, రేకు మీద మేకు పెట్టి గీసినట్టుండాదే! మా బాక్సుల్లో తప్పేం లేదు సూడు, పొద్దన్నుంచి పాటలు బాగానే వస్తా ఉండాయి."

తప్పు ఆయన బాక్సుల్లో లేదు. చిన్నగా వినేటప్పుడు మన చెవికి కింది స్వరాలూ పై స్వరాలూ సరిగా ఆనవు. అందుకని రెండింటినీ పెంచుకుంటూ పోతాం. అదే టోన్‌ను పెద్దగా పెడితే అవే రెండూ మీద పడి కరుస్తాయి. నాది నాలుగేళ్లు గుసగుసగా దిద్దుకున్న గొంతు. నలుగురి ముందు నోరు తెరిచేసరికి దానికి మాట్లాడటం రాలేదు. ఒక పాట వాయించి, వైరు చుట్టేసి, వంకాయ కూర బాగుందని ఎవరో అంటే అవునన్నాను. తిరుగు బస్సులో ఫోను తీయలేదు. నా చెవే చెడిపోయింది, ఇక ఈ పిచ్చి చాలు అనుకున్నాను. దుప్పటి కింద ఉన్న వాల్వు ఆంప్‌ను చూస్తే నవ్వుతున్నట్టుంది. మరుసటి రోజే అమ్మకానికి పెట్టేశాను.

వడమాలపేట నుంచి ఒకాయన ఫోను చేశాడు. మామిడితోటల రైతు, నా వయసే. ఊళ్లో నలుగురితో కలిసి పెళ్లి రిసెప్షన్లకు బ్యాండు నడుపుతున్నాడు. ఆదివారం సాయంత్రం నాలుగింటికి ఆటో మాట్లాడుకుని మరీ వచ్చాడు. దుప్పటి తీసి, వెనక్కి తిప్పి, స్పీకర్ తట్టి చూశాడు.

"పలకతాదా అప్పా?"

"పలుకుతుంది. నాలుగేళ్లుగా వాడలేదు, అంతే."

"అట్లయితే ఒగసారి వాయించి సూపించు. ఎద్దును కొన్నా రెండడుగులు నడిపించకుండా కొనము మేము."

నేను హాల్లోకి తొంగి చూశాను. మామగారు పేపరు దించి, "వాయించండి, దానికేముంది" అన్నారు. మా ఆవిడ వంటింటి వైపు చూసింది. వాల్వులు వేడెక్కేదాకా ఆగి రెండు మీద మీటాను. ఆయన ముఖం చిట్లించి, "ఇంత పెద్ద పెట్టెకు ఇదేనా గొంతు?" అంటూ తనే వంగి నాబు ఆరు దాకా తిప్పేశాడు.

లావు తీగ మోగింది. పూజగదిలో పళ్లెం మోగింది. నాలుగేళ్ల తర్వాత ఆ గొంతు వినేసరికి నాకు నిజంగా కళ్లలో నీళ్లు తిరిగాయి. ముక్కు చీదుకుంటే ఆయన చూస్తాడని తల వంచుకుని వాయించాను. ఎంత మూర్ఖుణ్ణి, దీన్నా నేను ఆటోలో ఎక్కిస్తున్నది? మాట ఇచ్చేశాను, మనిషి ఇంటికొచ్చేశాడు, ఇప్పుడు వద్దనడానికి మళ్లీ మర్యాద అడ్డం.

"ఆహా! గొంతంటే ఇదప్పా!" అన్నాడాయన.

అప్పుడు వంటింట్లోంచి అత్తగారు వచ్చారు. చేతుల నిండా చింతపండు పులుసు. హాలు దాటారు. మామగారు తలెత్తి చూశారు. ఆమె గుమ్మం దగ్గర ఆగలేదు. నేను ఉండగా ఎప్పుడూ అడుగు పెట్టని గదిలోకి వచ్చి, నా ఎదురుగా నిలబడి, నా ముఖంలోకి చూశారు.

"ఇది ఇప్పుడు పలకతా ఉండాది గదా?" అన్నారు. నాతోనే.

"పలుకుతోంది అత్తయ్యా."

"నాకు వినిపిస్తా ఉండాది."

వాయించడం ఆపేశాను. ఆమె చేత్తో కానివ్వమని సైగ చేశారు. మళ్లీ మీటాను. ఆమె తడి చెయ్యి స్పీకర్ ముందున్న గుడ్డకు దగ్గరగా పెట్టి, తీసేశారు.

"మరి ఇన్నాళ్లూ రోజూ వాయిస్తా ఉంటిరే? అదేం పలకలేదే?"

బల్ల మీదున్న హెడ్‌ఫోన్లు తీసి చూపించాను. "దీంట్లో నాకొక్కడికే వినిపిస్తుంది అత్తయ్యా. బయటికి రాదు."

ఆమె వాటిని అందుకుని అటూ ఇటూ తిప్పి చూశారు. "ఇవి చెవులకు అడ్డం పెట్టుకుంటా ఉండారనుకున్నా. శబ్దం అంత గట్టిగా ఉంటాదేమో, మీరే చెవులు మూసుకుని వాయిస్తా ఉండారనుకున్నా. వాయించే మనిషే చెవులు మూసుకునేంత శబ్దం నాకు గోరంత కూడా వినిపించలేదు. కుక్కరు కూత ముందే పోయింది, ఫోను పోయింది. ఈ గోడలోంచి వచ్చే లావు శబ్దం ఒకటి మిగిలి ఉండె. అది కూడా పోయిందంటే ఇంక నా చెవులు పూర్తిగా పోయినట్టేనని అనుకున్నా."

మా ఆవిడ గుమ్మం పట్టుకుని నిలబడింది. "మాతో చెప్పాల్సింది గదమ్మా! మాట్లాడితే జవాబు చెప్తానే ఉంటివే!"

"పెదాలు సూసి చెప్తా ఉంటి. పూర్తిగా పోయినదానికి డాక్టరెందుకు, మీకు చెప్పేదెందుకు? గోష్ఠిలో నేను శ్రుతి తప్పి ఎత్తుకుంటే పక్కనోళ్లు ముఖాలు ముఖాలు సూసుకునేదాకా ఉండాల్నా?"

నాకు ఒకటే అడగాలనిపించింది. అడిగే పద్ధతి లేకపోయినా అడిగాను. "మరి ఆ రోజు ఎంతసేపుంటుందని ఎందుకు అడగమన్నారత్తయ్యా?"

"ఎంతసేపుంటాదో తెలిస్తే, పొయ్యి మీది కూర దించేసి వచ్చి కూర్చుందామని."

మంచం అంచున కూర్చున్న వడమాలపేట ఆయన గొంతు సవరించుకున్నాడు. "ఇదింక అమ్మవు గదప్పా" అన్నాడు. అమ్మనన్నాను. "ఆటో కూడా తెచ్చుకుంటినే, ఈ మాట ఫోనులోనే చెప్పుంటే పోయేది గదా" అని గొణిగి, మామగారు బలవంతం చేస్తే కాఫీ తాగి వెళ్లాడు. ఆటోబాడుగ నేనిస్తానంటే పుచ్చుకోలేదు.

ఆ వారమే అత్తగారిని చెవుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాం. సన్న శబ్దాలు చాలావరకు పోయాయట, లావు శబ్దాలు ఇంకా ఉన్నాయట. మిషను పెట్టుకుంటే మాటలు కొంత తేలికవుతాయన్నాడు. బయటికొచ్చాక నన్నొక్కణ్ణే వెనక్కి పిలిచి, నాలుగేళ్ల ముందు తెచ్చి ఉంటే ఇంకా బాగా పనికొచ్చేదని చెప్పాడు. ఆ మాట నేను ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. ఇక్కడే మొదటిసారి రాస్తున్నాను. నేను మంచి టోన్ కోసం నూరు ఆంపులు వెతుకుతున్న ఆ నాలుగేళ్లూ, నా వెనక గుమ్మంలో నిలబడి ఒక మనిషి తన చెవుల్ని వెతుక్కుంటోంది. నేను కాపలా అనుకున్నాను. నన్ను నేను క్షమించుకోలేని సంగతుల్లో అది మొదటిది.

ఇప్పుడు రోజూ సాయంత్రం ఇంటికి రాగానే, తలుపు తీసి, వాల్యూము ఐదు మీద అరగంట వాయిస్తాను. పక్కింటాయన ఒకసారి వచ్చి ఏదో అనబోతే మామగారు వీధి అరుగు మీదే ఆయన్ను కూర్చోబెట్టి మాట్లాడి పంపించారు. ఏం చెప్పారో నాకు తెలియదు. అత్తగారు మిషను తీసి పక్కన పెట్టుకుని గుమ్మం అవతల కుర్చీ వేసుకుంటారు. మిషన్‌లో పాట వింటే సత్తుగిన్నె మోగినట్టుంటుందట. ముఖం మాత్రం మళ్లీ పక్కకే. మాట కూడా మళ్లీ మా ఆవిడతోనే. "సన్న తీగలు వద్దు, లావువే వాయించమను అల్లుడు గారిని."

లావు తీగలే వాయిస్తున్నాను. ట్రెబుల్ నాబు మొత్తం తగ్గించేశాను. ఇరవై ఏళ్లుగా నేను పై స్వరాల కోసం పడ్డ తిప్పలన్నీ ఆమెకు అక్కరకు రానివే. నేను కోరుకున్న అరగంట నాకు దొరికింది, ఇక అందులోంచి బయటికి రాలేను. జ్వరమొచ్చినా వాయించాలి. చిత్తూరులో ఆలస్యమైతే బస్టాండు నుంచి పరిగెత్తుకు రావాలి. ఒక్కరోజు మానితే, ఆ గుమ్మంలో కూర్చున్న మనిషి దేని గురించి భయపడుతుందో నాకు తెలుసు. ఒక్కోసారి విసుగొస్తుంది. విసుగొచ్చినందుకు సిగ్గేస్తుంది.

మొన్న ధనుర్మాసంలో ఒక ఆదివారం సాయంత్రం. మా ఆవిడా మామగారూ గుడికి వెళ్లారు, ఇంట్లో మేమిద్దరమే. చలికాలం కదా, ఫ్యాను లేదు. ఇంకా వెలుతురు ఉందని లైటు కూడా వేయలేదు. నేను కళ్లు మూసుకుని నడిమి తీగల మీంచి లావు తీగ మీదికి దిగుతున్నాను. గొంతు సన్నబడుతున్నట్టు అనిపించింది. వాల్వులు ఠక్కున ఆగవు, కరెంటు పోయాక కూడా ఒకటి రెండు క్షణాలు పలికి మెల్లగా ఆరిపోతాయి. నా వేళ్లు మాత్రం అలవాటు కొద్దీ ఇంకో నాలుగు మీట్లు మీటాయి.

తలెత్తి చూశాను. అత్తగారు నా వైపే తిరిగి ఉన్నారు. కళ్లు నా వేళ్ల మీద ఉన్నాయి. కుర్చీ చెయ్యి గట్టిగా పట్టుకున్నారు.

గిటారు మంచం మీద పడేసి లేచాను. గుమ్మం దాటి వెళ్లి, నా పెదాలు ఆమెకు కనిపించేలా ఆమె కుర్చీ ముందు నేల మీద కూర్చున్నాను.

"కరెంటు పోయిందత్తయ్యా" అన్నాను. "మీ చెవులు కాదు."